గడియ లేని అద్దం

తాళంచెవి తన చేతికే వస్తుందనుకొని పెద్దల్లుడు చెయ్యి సగం చాపాడు కూడా. మామగారు ఆ చేతిని దాటి, గడప దగ్గర బూట్లు తొడుక్కుంటున్న చిన్నల్లుడి వైపు తిరిగి, "ఒరేయ్, ఇంద, ఇది నీ దగ్గరుంచు. బస్సులో పారేశావంటే నీ తోలు తీస్తాను" అన్నారు.

చాపిన చేతిని ఊరికే వెనక్కి తీసుకుంటే నలుగురిలో బాగుండదని పెద్దల్లుడు దాన్ని అలాగే కిందికి దించి ఆసుపత్రి సంచీ పట్టుకున్నాడు. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక మంచినీళ్ళ సీసా తప్ప మరేం లేవు. అయినా బీరువా ఎత్తుతున్నవాడిలా నడుం వంచి మరీ ఎత్తాడు. అప్పుడు మామగారు ఇటు తిరిగి, "అల్లుడుగారూ, ఆసుపత్రి దాకా రావడానికి మీకేం ఇబ్బంది లేదు కదా?" అని మర్యాదగా అడిగారు. తాళం వాడికి, సంచీ నాకు అనుకున్నాడు పెద్దల్లుడు. పైకి మాత్రం, అయ్యో, ఇబ్బందేముంది మామయ్యగారూ అన్నాడు.

తాళం అద్దాలగదిది. ఇంటి వెనక గోడకు ఆనుకొని ఉన్న ఆ గదిలో మామగారి పరదేశి మొక్కలుంటాయి. ఎండ కాస్త ముదిరితే సొమ్మసిల్లేవి, చలిగాలి తగిలితే ఆకులన్నీ రాల్చుకుని మొండికేసేవి, ఎన్నో రకాలు, అన్నీ కుండీల్లోనే. ముప్ఫయ్యేళ్ళు దర్జీపని చేసి కుట్టుమిషను మానేసిన దగ్గర్నుంచి ఆయనకు అవే లోకం. ఆ గది కట్టింది పెద్దల్లుడు. అతను వడ్రంగి. ప్రతి చట్రాన్నీ చిత్రిక పట్టి, ప్రతి అద్దాన్నీ సన్నబద్దలతో బిగించి, తలుపుకు బందులు వేసి, చివరికి ఆ తాళాన్ని కూడా బజారంతా గాలించి తెచ్చింది తనే. ఇంత చేసినవాణ్ణి పక్కన పెట్టి, బంతికీ చామంతికీ తేడా తెలియని బస్సు కండక్టరుకు, పెళ్ళయి రెండేళ్ళు నిండనివాడికి ఇస్తారా ఎవరైనా? ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

బండి ఎక్కే ముందు మామగారు ఇంకోసారి పెరట్లోకి వెళ్ళి వస్తానన్నారు. శుక్లం ముదిరిన కుడికన్ను పాలగాజులా ఉంది, ఎడమకన్నూ అంతంత మాత్రమే. తడుముకుంటూ అద్దాలగది చివరకు నడిచి దొరసాని ముందు నిలబడ్డారు.

ఆ మొక్క అసలు పేరు కమీలియా. ఆ పేరు ఇంట్లో ఎవరి నోరూ తిరగక, దాని నాజూకు చూసి అందరూ దొరసాని అనేశారు. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు, మనిషి నడుం ఎత్తు. పోయినేడాది అలిగి ఒక్క పువ్వూ పూయలేదు. ఈ ఏడు మాత్రం ఒళ్ళంతా మొగ్గ తొడిగింది. ఉసిరికాయల్లా గట్టిగా బిగిసిన మొగ్గల కొసల్లో అప్పుడప్పుడే ఎరుపు తొంగిచూస్తోంది. మామగారు కళ్ళతో చూడలేక ఒక్కొక్క మొగ్గనూ వేలికొసతో, గుండీ కుట్టాక బిగువు చూసుకున్నట్టు తాకి చూసుకున్నారు.

"షుగరుంది కదా, నాలుగు రోజులు ఉంచుతామన్నాడు డాక్టరు. అప్పటికి ఇవి విచ్చుకుంటాయి. కట్టు అక్కడ విప్పనివ్వను. ఇక్కడికొచ్చి విప్పుకుంటాను. కొత్త కంటితో ముందు దీని మొహమే చూడాలి" అన్నారు.

కండక్టరు తాళంచెవిని నడుముకు వేలాడే ఈలతాడుకు కట్టుకుంటూ, నీ దొరసానిని నా కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటా మావయ్యా అన్నాడు. నీ కళ్ళు టిక్కెట్లు చూడ్డానికే చాలవు కదరా అన్నారు మామగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్దల్లుడు సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

*

ఆపరేషను బాగానే జరిగింది. పెద్దల్లుడు మధ్యాహ్నానికి తిరిగొచ్చి దుకాణం తెరిచి, ఎవరిదో బీరువా తలుపు బల్లమీద పరిచి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. చిత్రిక నున్నగా పోవలసిన చోట కసిగా పోతోంది. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ళ చుట్టూ చేరింది. అతని భార్య టీ తెచ్చి, తలుపు మందం వేలితో కొలిచి చూసి, బీరువాకు తలుపు కావాలన్నారా, తెర కావాలన్నారా అని అడిగింది. ఆమె మామగారి పెద్ద కూతురు. నోరు కూడా ఆయనదే.

టీ సగం తాగాక అతను ఆగలేకపోయాడు.

"పదహారేళ్ళయింది మీ నాన్న గోడ పక్కన గోడ కట్టుకుని. ఇప్పటికీ నన్ను అల్లుడుగారూ, మీరూ అంటాడు. వాణ్ణి చూడు, వచ్చిన నెలకే ఒరేయ్."

"మర్యాద ఇస్తే ఏడుపు, ఇవ్వకపోతే ఏడుపు. మా నాన్న నిన్ను కూడా తోలు తీస్తాననాలా ఏం?"

"అంటే తప్పేముంది?" అన్నాడు అతను. అనేశాక అదెంత చిన్నపిల్లాడి మాటో తనకే తెలిసి, ఉలి తీసి నూరడం మొదలుపెట్టాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు, అంతే అనుకున్నాడు. చలికాలం ముందు కుండీలన్నీ లోపలికి మోసింది ఎవరు? ఎరువుమట్టి జల్లెడ పట్టింది ఎవరు? ఏ మొక్కకు వెచ్చదనం కావాలో, దేనికి చల్లదనం కావాలో ఆయన పక్కన నిలబడి పదహారేళ్ళుగా విన్నది ఎవరు? వాడొచ్చి కుండీల మధ్య నిలబడి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది అని బస్సులో అరిచినట్టు అరుస్తాడు, ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. నవ్వించేవాడికి తాళం. మోసేవాడికి బరువు.

సాయంత్రం ఖాకీ చొక్కాతోనే కండక్టరు దుకాణం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పొట్టు తొక్కకుండా కాళ్ళు పక్కకు పెట్టి, మొహం అంతా ఆదుర్దాతో, ఒక సందేహం అన్నయ్యా అన్నాడు. ఆ గది చివర, దొరసాని పక్కనున్న కిటికీ అద్దం మూసుకోవడం లేదట. తోస్తే మూసుకుంటోందట, చెయ్యి తీయగానే మళ్ళీ బెత్తెడు తెరుచుకుంటోందట. గడియ కోసం వెతికితే అసలు గడియే లేదట. చల్లగాలి నేరుగా మొక్కకే కొడుతోందట.

"మావయ్య నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అన్నీ తెలిసినట్టు తాళం మాత్రం ఇచ్చేశారు. మూసెయ్యమంటావా, ఉంచమంటావా? నువ్వే చెప్పాలి అన్నయ్యా."

ఆ అద్దం సంగతి పెద్దల్లుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గది కట్టేటప్పుడు అన్ని రెక్కలకూ గడియలు బిగించి ఆ ఒక్కదాని దగ్గరకు వచ్చేసరికి మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. దీనికి వద్దు అల్లుడుగారూ, గడియ ఉంటే చలికాలం ఎవరో ఒకరు జాలిపడి మూసేస్తారు, అన్నారు. మిగతా మొక్కలు వెచ్చగా గోడవారన ఉండాలి. దొరసాని మాత్రం మొగ్గమీద ఉన్నప్పుడు చల్లగాలిలోనే ఉండాలి. గది వేడెక్కిందంటే మొగ్గ మొదట్లో కమిలి, విచ్చుకోకుండానే ఊడిపడుతుంది. అందుకే చెయ్యి తీస్తే దానంతటదే బెత్తెడు తెరుచుకునేలా బందుల్ని వాటంగా వేసింది అతనే.

మూయకు. ఆ ఒక్క మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడే కండక్టరు నడుముకు వేలాడుతున్న తాళంచెవి ఈలకు తగిలి టింగుమంది.

"గడియ పెట్టడం నేనే మర్చిపోయాను" అన్నాడు పెద్దల్లుడు. "మూసెయ్యి. పరదేశి మొక్క, చలికి ఆగుతుందా? హీటరు ఉంటే అది కూడా పెట్టు."

తన పనికి తనే వంక పెట్టుకున్నాడు. పదహారేళ్ళలో అలా చెయ్యడం అదే మొదలు. కండక్టరు మొహం విచ్చుకుంది. అయితే నా అనుమానం నిజమేనన్నమాట అని పొంగిపోయి, మరి రెక్క ఆగడం ఎలా అని అడిగాడు. పెద్దల్లుడు మూలనున్న చెక్కతునక ఒకటి తీసుకుని, చీల్చి, ఒక కొస పలచగా ఒక కొస మందంగా ఉండేలా చెక్కి, రెక్కకూ చట్రానికీ మధ్య సందులో దోపమని ఇచ్చాడు. ఇచ్చేముందు అలవాటుకొద్దీ రెండు వైపులా చిత్రిక పట్టాడు, గరుకు కాగితంతో అంచులు గుండ్రంగా రుద్దాడు. చేసేది తప్పుడు పనే, కానీ ఆ చేతికి మొరటు పని రాదు. నీళ్ళు ఎప్పుడెప్పుడు పొయ్యాలని కండక్టరు అడిగితే, రోజు విడిచి రోజు, ముందు మట్టిలో వేలు పెట్టి తడి చూసుకుని పొయ్యి అని అది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

నా దేవుడివి అన్నయ్యా అంటూ కండక్టరు ఆ చెక్కముక్కను చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెద్దల్లుడికి ఆ రాత్రి అన్నం బాగానే సయించింది. అది కూడా చెప్పుకోవాలి.

*

మర్నాడు దుకాణం వెనక గోడ మీదుగా చూస్తే అద్దాలగది లోపల ఎర్రగా హీటరు తీగ కనిపించింది. కండక్టరు తన ఇంట్లోదే మోసుకొచ్చాడని, అక్కడ తన చెల్లెలు రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోందని భార్య నవ్వుతూ చెప్పింది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి, మధ్యలో బస్సు మలుపు దగ్గర ఆగినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసి పోతున్నాడు. మొక్కల ముందు నిలబడి పాటలు కూడా పాడుతున్నాడు. ప్రయాణికులకు దొరసాని కథలు చెబుతున్నాడట. పెద్దల్లుడికి అదీ మంటే. చివరికి ఊరంతా దొరసాని అంటే కండక్టరు మొక్క అనుకుంటుంది, కట్టినవాడూ మోసినవాడూ ఎవరికీ గుర్తుండరు అని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

అద్దాల మీద ఆవిరి పట్టింది. లోపలి మొక్కలన్నీ నీడల్లా కనబడుతున్నాయి. ఏదో పని ఉన్నట్టు అతను రోజుకు నాలుగుసార్లు గోడ దగ్గరకు వెళ్ళి చూస్తున్నాడు. భార్య అది గమనించి, మా నాన్న కాపలా వాడికిచ్చాడు, కాపలావాడికి కాపలా నీకిచ్చాడా అంది.

మూడోరోజు సాయంత్రం కండక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మంలో నిలబడి మాట్లాడలేదు. బల్ల దగ్గరకొచ్చి చేతిరుమాలు విప్పాడు. అందులో మూడు మొగ్గలున్నాయి. పైన ఎరుపు అలాగే ఉంది, కింద తొడిమె దగ్గర గోధుమరంగు తిరిగి కమిలిపోయాయి.

ముట్టుకుంటే ఊడిపోయాయి, నేనేం చెయ్యలేదు అన్నాడు. గొంతులో జోకు ఎక్కడా లేదు. ఇంకా వెచ్చగా ఉంచమంటావా అని అడిగాడు.

ఇక్కడ ఆపొచ్చు. హీటరు తీసెయ్యి, చెక్క పీకెయ్యి అంటే అయిపోయేది. కారణం కూడా చెప్పనక్కర్లేదు. కానీ రుమాల్లోని మొగ్గల్ని చూడగానే పెద్దల్లుడికి లోపల ఒక తృప్తి కలిగింది. ఎవరి చెయ్యి ఎలాంటిదో ఇప్పుడు తెలుస్తుంది మామగారికి అనిపించింది. ఆ తృప్తి చాలా రుచిగా ఉంది. చేతిలోని ఉలిని చూసుకుంటూ, బరువెక్కువై నాలుగు రాలడం మామూలే అన్నాడు.

కండక్టరు నమ్మాడు. నమ్మి, మొగ్గల్ని పారెయ్యకుండా మళ్ళీ రుమాల్లోనే మూట కట్టుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం పెద్దల్లుడు మామగారిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాడు. కంటివార్డులో మంచాలన్నీ ఒకేలా ఉన్నాయి. అందరి కళ్ళకూ కట్లే. మామగారు గోడకు చేరగిలబడి, దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకుని కుట్టెంత వంకరగా ఉందో తడిమి చూసుకుంటున్నారు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, రండి అల్లుడుగారూ, ఆ స్టూలు లాక్కోండి అన్నారు.

కన్ను నొప్పి లేదన్నారు. రేపు పొద్దున్నే పంపిస్తారన్నారు. పక్క మంచం ఆయన గురక గురించి కాసేపు చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"వాడు మిమ్మల్ని అడుగుతున్నాడా?"

"ఏమిటి మామయ్యగారూ?"

"అదే, మొక్కల సంగతి. వచ్చి అడుగుతున్నాడా లేదా?"

"అడుగుతున్నాడు."

మామగారు తృప్తిగా నవ్వి తల గోడకు ఆనించారు. "మరింకేం. నాకు బెంగ తీరింది. కావాలనే వాడికి ఒక్క ముక్క చెప్పలేదు నేను. చెబితే మీ దగ్గరకు రాడు. తాళం మీ చేతికిస్తే మీరు తలుపేసుకుని అన్నీ మీరే చేసేస్తారు, ఎవర్నీ అడగరు, ఎవరికీ చెప్పరు. మీ సంగతి నాకు తెలీదా? రేపు నేను పోయాక మీరిద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. అందుకని తాళం వాడికిచ్చాను. చెట్టు అప్పజెప్పింది మీకే."

పెద్దల్లుడు స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు. కట్టు కట్టిన ఆ మొహం తనవైపే తిరిగి ఉంది. ఆయనకు కనబడదని తెలిసీ తల దించుకున్నాడు. ఇన్ని రోజులుగా తను ఏడ్చింది చేతికి రానిదాని కోసం. అది వచ్చి తన చేతిలోనే ఉంది, తనే దాన్ని పిసికేశాడు.

మొగ్గలు ఎలా ఉన్నాయి అని మామగారు అడిగారు. బాగున్నాయి అన్నాడు. దుకాణంలో పని ఉందని చెప్పి లేచాడు. మెట్లు దిగేటప్పుడు నడిచాడు, వీధిలోకి వచ్చాక మాత్రం పరిగెత్తాడు.

*

అద్దాలగదికి తాళం వేసి ఉంది. కండక్టరు డ్యూటీ దిగేది సాయంత్రానికి గానీ కాదు. పెద్దల్లుడు తాళాన్ని పట్టుకుని ఒకసారి గుంజాడు. అది తను ఏరి కోరి తెచ్చిన తాళం, సామాన్యంగా లొంగదు. తలుపు బందుల మేకులు లోపలి వైపు ఉన్నాయి. అవి అలా ఉండాలన్నదీ తనే. చివరి అద్దం దగ్గరకు వెళ్ళి తోశాడు. తను చిత్రిక పట్టిన చెక్క సందులో పుట్టిపెరిగినట్టు కూర్చుంది. ఇసుమంత కూడా కదల్లేదు. లోపల హీటరు ఎర్రగా మండుతోంది. అద్దాల లోపలి వైపు నీళ్ళు చారలుగా కారుతున్నాయి.

దుకాణానికి వెళ్ళి ఉలీ సుత్తీ తెచ్చాడు. కింది వరసలో ఒక అద్దం చుట్టూ కొట్టిన సన్నబద్దల్ని ఒక్కొక్కటే ఊడదీశాడు. అద్దం పగలకుండా తీసి గోడకు ఆనించి, ఆ కంతలోంచి బోర్లా పడుకుని లోపలికి దూరాడు. మోచెయ్యి గీరుకుపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తన గోడకు తనే కన్నం వేసుకున్నాడు.

లోపల ఇస్త్రీ దుకాణంలో ఉన్నట్టు ఉక్కగా ఉంది. హీటరు ఆపాడు. చెక్కను రెండు చేతులా పట్టుకుని ఊపి ఊపి పీకి, కిటికీ గట్టు మీద పడేశాడు. రెక్క దానంతటదే బెత్తెడు తెరుచుకుంది. చల్లగాలి వచ్చి మొహానికి తగిలింది.

అప్పుడు దొరసాని వైపు తిరిగాడు. చూస్తే మొగ్గలు చాలానే ఉన్నాయి. భగవంతుడా, బతికించావు అనుకుంటూ ఒకదాన్ని వేలితో తాకాడు. అది కొమ్మ నుంచి విడిపోయి గాల్లో ఊగింది. ఇంకోటి తాకాడు, అదీ ఊగింది. దగ్గరకు వంగి చూశాడు. ఎర్రదారం. మామగారి పాత కుట్టుపెట్టెలోని దారంతో రాలిన ప్రతి మొగ్గనూ తొడిమెకు చుట్టి, కొమ్మకు ముడేసి ఉంది. పూలదండ కట్టడం రానివాడి ముళ్ళు, ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ఉన్నాయి. మొక్కంతా వెతికితే తమ తొడిమె మీద తాము నిలబడ్డవి రెండే మిగిలాయి.

పెద్దల్లుడు బోర్లించిన కుండీ మీద కూలబడ్డాడు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

ఎంతసేపు కూర్చున్నాడో, తాళం తీసిన చప్పుడైంది. కండక్టరు గుమ్మంలో నిలబడి, ఊడదీసిన అద్దాన్నీ, గీరుకుపోయిన మోచేతినీ, ఆపేసిన హీటరునీ చూశాడు.

"నాకోసం ఆగకుండా కంతలోంచి దూరావా అన్నయ్యా? మోచెయ్యి చూడు ఎలా కొట్టుకుపోయిందో" అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి. తర్వాత దారాలు గుర్తొచ్చి సిగ్గుపడి, మావయ్యకు కొత్త కన్ను కదా, దారం ఆనదులే అనుకున్నానన్నాడు. మొదటి రోజే తాళం నీకిచ్చెయ్యాల్సింది, నా చెయ్యే పాపిష్టిది అన్నాడు.

పెద్దల్లుడు ఇంక హీటరు వద్దని, అద్దం తెరిచే ఉంచమని మాత్రం చెప్పగలిగాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దారాలు విప్పారు. విప్పిన మొగ్గల్ని కండక్టరు టిక్కెట్ల సంచీలో వేసుకున్నాడు.

*

పొద్దున్నకు రెండింటిలో ఒకటి రాలిపోయింది.

మామగారు బండి దిగి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా నేరుగా పెరట్లోకే వచ్చారు. డాక్టరు కట్టు విప్పబోతే వద్దని గొడవపడితే, ఆయన నవ్వి, పలచటి దూది పెట్టి వదులుగా కట్టి పంపించాడట. కుడిపక్క పెద్దల్లుడు, ఎడమపక్క కండక్టరు పట్టుకున్నారు. గదిలోకి రాగానే ఇద్దరి చేతులూ విడిపించుకుని, చట్రాల వెంట వేళ్ళు జరుపుకుంటూ, గుడ్డ కొలుచుకుంటున్నట్టు చివరిదాకా నడిచారు. చివరి రెక్క దగ్గర ఆగారు. సందులో చెయ్యి పెట్టి చూశారు. బెత్తెడు తెరిచే ఉంది. తల ఆడించారు.

ఆ చెయ్యి వెనక్కి వస్తూ కిటికీ గట్టు మీదున్న చెక్కముక్కకు తగిలింది.

దాన్ని చేతిలోకి తీసుకున్నారు. పలచటి కొసనుంచి మందపు కొసదాకా బొటనవేలితో రాశారు. గుండ్రంగా రుద్దిన అంచుల్ని రాశారు. ఒకసారి రెక్కకూ చట్రానికీ మధ్య ఆనించి చూశారు, సరిగ్గా సరిపోయింది. పెద్దల్లుడు పక్కనే ఉన్నాడు. పీకినప్పుడు దాన్ని పొయ్యిలో పడెయ్యాలని కూడా తోచలేదు అతనికి.

"చెక్కపని బాగుందిరా" అన్నారు మామగారు, మెల్లగా.

పదహారేళ్ళుగా ఆ 'రా' కోసం మొహం వాచి ఉన్నాడు పెద్దల్లుడు. అది ఇప్పుడొచ్చింది. చెంపమీద కొడితే ఇంతకన్నా నయంగా ఉండేది.

ఆ మాట వినని కండక్టరు గొంతు సవరించుకుని, తప్పంతా నాదే మావయ్యా, మొగ్గలన్నీ పోయాయి, ఒక్కటే మిగిలింది, అన్నయ్య లేకపోతే అదీ ఉండేది కాదు అన్నాడు. తిట్టు మావయ్యా అని కూడా అన్నాడు. మామగారు తిట్టలేదు. కట్టు ముడి విప్పమని తల పెద్దల్లుడి వైపు వంచారు.

పెద్దల్లుడు ముందుకు వచ్చాడు. ముడి వదులుగానే ఉన్నా రావడానికి సేపు పట్టింది. కట్టు జారి, దూది ఊడి చేతిలోకి వచ్చింది. మామగారు కన్ను మెల్లగా తెరిచి, వెలుతురుకు చిట్లించి, మళ్ళీ తెరిచారు. ఎదురుగా ఉన్నది దొరసాని కాదు. కట్టు విప్పుతున్న పెద్దల్లుడు. కడిగినట్టున్న ఆ కొత్త కన్ను అతని మొహం మీద చాలాసేపు నిలిచింది. అతను పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు ఆయన వంగి, మిగిలిన ఒక్క మొగ్గనూ చూశారు. కొసన ఒక రేక కొంచెం విడివడి ఉంది. రంగు ఇంత ఎరుపని మర్చిపోయాను అన్నారు, అంతే.

కండక్టరే ఉండబట్టలేక పెద్దల్లుడి వైపు తిరిగాడు.

"అన్నయ్యా, ఇవాళ చలి ఇంకా పెరుగుతుందంటున్నారు. అద్దం సంగతేం చెయ్యమంటావు?"

అంత జరిగినా అతను అడుగుతున్నది తననే. మామగారు తల తిప్పలేదు గానీ, ఆయన చేతిలోని చెక్కముక్క కదలడం ఆగిపోయింది.

"మూయకు" అన్నాడు పెద్దల్లుడు. "దానికి గడియ నేను మర్చిపోలేదు. మూయకూడదనే పెట్టలేదు. ఆ రోజు తెలిసే నీకు అబద్ధం చెప్పాను. తాళం నీకిచ్చారని."

కండక్టరు ముందు జోకేమో అనుకుని నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత పోయింది. ఈలతాడుకున్న తాళంచెవిని వేళ్ళతో తిప్పుతూ నేలవైపు చూశాడు. తిడతాడని చూశాడు పెద్దల్లుడు. తిట్టలేదు. చాలాసేపటికి మూలనున్న నీళ్ళడబ్బా తీసుకున్నాడు.

"మరి నీళ్ళ సంగతి? రోజు విడిచి రోజన్నావు?"

"అది నిజమే."

"నీ మాటమీద ఇంక పొయ్యను. నువ్వే వచ్చి చూడు."

పెద్దల్లుడు చెయ్యి చాపి, దొరసాని మొదట్లో మట్టిలో వేలు పెట్టాడు. తడి ఉంది, ఇవాళ వద్దు అన్నాడు.

కండక్టరు డబ్బా కింద పెట్టి, తను కూడా వేలు పెట్టి చూశాడు.